ప్రతి ఫ్రేములోనూ మా అన్నయ్య

మా అన్నయ్య బెల్మీరు కెమెరాకు అడ్డం పడకుండా ఉండలేడు. కొందరికి చుట్ట, కొందరికి పేకాట. ఆయనకు కెమెరా.

సెతూబల్ రేవులో జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చే పడవ మీద టికెట్లు చూసే ఉద్యోగం చేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ పడవెక్కిన ప్రతి యాత్రికుడి ఫొటోలోనూ పడ్డాడు. కొత్త దంపతుల భుజాల మధ్య ఆయన మీసం. డాల్ఫిన్ ఎగిరిన ఫొటోలో డాల్ఫిన్ తోక, ఆయన టోపీ. జపాన్‌లో, జర్మనీలో ఎన్ని ఇళ్ళ గోడల మీద నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు.

ఒకసారి చర్చి మెట్ల మీద ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆయన్ని పెళ్ళికూతురి బాబాయి అనుకున్నారు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు పెళ్ళికొడుకు బాబాయి అనుకున్నారు. అన్ని ఫొటోల్లోనూ ముందు వరసే. భోజనం కూడా చేసి వచ్చాడు.

“ఎవరి పెళ్ళి అన్నయ్యా?”

“తెలీదురా. చేపల పులుసు మాత్రం అద్భుతం.”

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో నా కూతురు మఫాల్దా సినిమాలు తీయడం నేర్చుకుంది. లిస్బన్‌లో చదువుతూ తీసిన చిన్న సినిమా నచ్చి, పోర్తు నగరంలో జరిగే చిత్రోత్సవం వాళ్ళు ఇంకొకటి తీసి పంపమన్నారు. మా ఆవిడ ఆ సంగతి చేపల బజారంతా చెప్పింది. చేపలకు కూడా చెప్పిందని అన్నయ్య అంటాడు.

కథ చిన్నది. భర్త పోయిన ఒక స్త్రీ చాలాకాలానికి ఇల్లు దాటి, రొట్టె కొనుక్కుని, రేవుదాకా నడిచి, ఆయన పడవను చూసి వస్తుంది. అంతే.

“అత్త చేస్తేనే తీస్తాను,” అంది మఫాల్దా.

అత్త అంటే మా చెల్లెలు ఎర్మెలిందా. మా బావ జెరోనిము పోయాక గడప దాటలేదు. రొట్టెలవాడు సంచిలో రొట్టె వేసి తలుపుకు తగిలించి పోయేవాడు. ఆ తలుపైనా చెయ్యి పట్టేంతే తెరిచేది. అడిగితే చెయ్యనంది. అన్నయ్య ఒక సాయంత్రం వెళ్ళి కూర్చుని వచ్చాడు. మర్నాడు సరేనంది.

షూటింగుకు ఇల్లంతా కదిలింది. మా ఆవిడ అందరికీ సార్డీన్ చేపలు కాల్చింది. మైకు కర్ర నేను పట్టుకున్నాను. అన్నయ్యకు ఏ పనీ ఇవ్వలేదు. దూరంగా ఉండడమే ఆయన పని.

“పెదనాన్నా, కాళ్ళు పట్టుకుంటాను, పక్కకెళ్ళు.”

“వెళ్తున్నానమ్మా.”

వెళ్ళాడు. ఆయన వెళ్ళిన పక్క కూడా ఫ్రేములోనే ఉంది. రొట్టెల కొట్లో ఎర్మెలిందా వెనక వరసలో నిలబడ్డాడు. సందు మలుపులో చేపల పెట్టెల పైనుంచి టోపీ లేచింది. వీధి షాట్‌లో కుక్కను తిప్పుతూ వచ్చాడు.

“మనకు కుక్క లేదు కదా పెదనాన్నా!”

“ఇక్కడే దొరికిందమ్మా. మంచిది, కరవదు.”

ఎడిటింగుకు కూర్చున్న రోజు మఫాల్దా ఏడ్చింది. ఆయన లేని షాట్ లేదు.

“నాన్నా, ఇది ఒంటరి మనిషి కథ. ఎటు చూసినా పెదనాన్న! జనం పకపకా నవ్వుతారు. పోర్తుకు ఏ మొహం పెట్టుకుని పంపను?”

కనీసం కొట్టు దృశ్యమైనా మళ్ళీ తీద్దామనుకున్నాం. మా ఆవిడ బంగాళదుంపల బస్తా మోయాలని చెప్పి అన్నయ్యను సంతకు లాక్కుపోయింది. ఇటు కెమెరా పెట్టాం. ఎర్మెలిందా చెప్పవలసింది ఒక్క మాట: “రొట్టె ఇవ్వండి.”

చెప్పలేదు. కిటికీ వైపు చూసింది. తలుపు వైపు చూసింది.

“అన్నయ్య ఏడీ?”

“సంతకెళ్ళాడు. నువ్వు చెప్పమ్మా.”

“నేను ఎటు చూసినా కనిపిస్తానన్నాడు.” గోడ పట్టుకుంది. “నీకెందుకే భయం, నేనుంటే అందరూ నన్ను చూసే నవ్వుతారు, నీ వైపు ఎవరూ చూడరు అన్నాడు. అందుకే ఒప్పుకున్నాను.”

మఫాల్దా నా వైపు చూసింది. నేను మైకు కర్ర అక్కడే పడేసి సంతకు పరిగెత్తాను. అన్నయ్య భుజాన బస్తాతోనే వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

“తప్పుకోనా అమ్మా?” అన్నాడు కోడిపిల్లలాగా.

మఫాల్దా వంగి కెమెరాలోకి చూసింది.

“కొంచెం ఎడమకి, పెదనాన్నా. ఇంకొంచెం. లోపలికి రా, సగమే పడుతున్నావు.”

ఆ షాట్ ఒక్కసారికే వచ్చింది. అయితే వెనకున్న బస్తాలోంచి ఒక బంగాళదుంప దొర్లుతూ పోతుంది, చూసుకోండి.

మిగతావన్నీ అలాగే ఉంచి, అప్పటికింకా తీయని చివరి దృశ్యం తీసి పంపింది. పోర్తుకు అందరం వ్యానులో వెళ్ళాం. ఎర్మెలిందా కూడా వచ్చింది, కిటికీ పక్కన కూర్చుని. సినిమా మొదలైంది. టోపీ కనిపించినప్పుడల్లా మా వరస చప్పట్లు కొట్టింది. కాసేపటికి హాలంతా ఆయన కోసం వెతకడం మొదలుపెట్టింది. దొరికినప్పుడల్లా నవ్వు. మఫాల్దా గోళ్ళు కొరుక్కుంటోంది.

చివరి దృశ్యం వచ్చింది. ఎర్మెలిందా రేవు గట్టు మీద పడవ వైపు నడుస్తోంది. జనం తాళ్ళ చుట్టల వెనక, వలల వెనక, పడవల వెనక వెతికారు. ఆయన లేడు. ఆమె ఒక్కతే నడిచింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆమె పడవ అంచు మీద చెయ్యి వేశాక దీపాలు వెలిగాయి. అప్పుడు జనమంతా లేచి నిలబడ్డారు. సాయంత్రానికి బహుమతి మా మఫాల్దాదే అయింది.

కాని ఆ చప్పట్ల మధ్యే వెనక సీటావిడ వంగి మా అన్నయ్య భుజం తట్టింది.

“ఏమండీ, ఆఖర్న మీరెక్కడ? ఎంత వెతికినా దొరకలేదు.”

“లేనమ్మా. నువ్వెళ్ళి కాఫీ తాగిరా అంది మా చెల్లి.”

ఎర్మెలిందా తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: “వెళ్ళినవాడు వెళ్ళినట్టే కూర్చున్నాడు. మూడో కప్పు తాగుతుంటే నేనే హోటలుదాకా వెళ్ళి లాక్కొచ్చాను.”