మూడు గంటల ఐరిస్

2023 వేసవి. రాజోలు బస్టాండుకు దగ్గర్లో నా సెంటు కొట్టు. కువైట్‌లో పదకొండేళ్లు పెర్ఫ్యూమ్ షాపులో పనిచేసి వచ్చి పెట్టుకున్నాను. ఖరీదైన విదేశీ సెంట్లను పోలిన నూనెలు తెప్పించి, స్పిరిట్‌లో కలిపి, చిన్న స్ప్రే సీసాల్లో అమ్ముతాను. మా వ్యాపారంలో వీటిని ‘ఇన్‌స్పైర్డ్’ అంటారు. పేరు వాళ్లది పెట్టం, పోలిక మాత్రం వాళ్లదే.

ఎక్కువగా అమ్ముడుపోయేది ఐరిస్ అనే పూలమొక్క వాసన. ఆ మొక్క దుంపను ఏళ్ల తరబడి ఎండబెడితే, ఫేస్ పౌడర్ డబ్బా మూత తీసినట్టు మెత్తని వాసన వస్తుంది. అసలుది మావాళ్లకు అందని ధర. నాది కొన్నవాళ్లందరికీ ఒకే మాట చెప్పేవాణ్ణి: "అచ్చం అదేనండి, రోజంతా ఉంటుంది."

ఆ ఉదయం పెళ్లి సామాన్లకని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు అదే చెబుతుండగా కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. తాటిపాక ఊరి సత్యవతి. అక్కడ ఒకరింట్లో పనిచేస్తుంది. సెలవు అయిపోయి వెళ్తూ నా దగ్గర ఐరిస్ కొనుక్కుంది.

"బాబాయ్ గారూ, నన్ను దొంగంటున్నారండి," అంది.

ఆ ఇంటావిడ వాడేది అసలు ఐరిస్. సత్యవతి దగ్గర అదే వాసన రావడంతో తన సీసాలోంచి ఒంపుకుందని అనుకుంది. నా సీసా మీద లేబుల్ లేదు, నేను బిల్లూ ఇవ్వలేదు. పోలీసులకు చెబుతానందట. కేసు పడితే ఉద్యోగమే కాదు, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టే దారే ఉండదు.

ఫోన్ ఆవిడ అందుకుంది. అది నా సరుకేనని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.

"అచ్చం అసలుదే అని నువ్వే అన్నావట. అసలుదైతే నాదే," అంది.

సెంటు ఆరిన తర్వాత చివరికి మిగిలే వాసనను ‘డ్రై డౌన్’ అంటారు. అసలుదాంట్లో పౌడరు వాసన సాయంత్రందాకా నిలుస్తుంది. నాదాంట్లో దుంప లేదు. మూడు గంటలకు ఐరిస్ పోయి సబ్బు వాసన మిగులుతుంది. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.

"రెండూ చెరో కాగితం మీద కొట్టి, మూడు గంటలాగి చూడండి. నాది చవక సరుకు, నిలవదు," అన్నాను. ఆవిడ సరేనంది. సత్యవతికి అదే తెలుగులో చెప్పాను.

కొట్లో ఉన్న ఇద్దరిలో పెద్దావిడ అంతా వింది. "మాకు రోజంతా ఉంటుందన్నారు కదండీ?"

"ఉండదండి."

"ఆయ్. ఎవరి మీదికో పోలీసులొస్తే గానీ మాకు నిజం చెప్పరన్నమాట." సీసా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది. దూరం వెళ్తోంది కదా అని అభిమానంతో, ఆమెతో చెప్పే సత్యవతి సీసాలో నూనె పాళ్లు పెంచాను. ఎంతసేపు నిలుస్తుందో నాకే తెలియదు. అదే పాళ్లలో కలిపి నేనూ ఒక కాగితం మీద కొట్టి, అరగంటకోసారి వాసన చూశాను. ఒంటిగంటకు మూడు గంటలయ్యాయి. పౌడరు వాసన ఇంకా ఉంది. భోజనానికి లేవలేదు.

రెండు కావస్తుండగా ఫోన్ మోగింది.

"పోయిందండి బాబాయ్ గారూ. మూడు గంటలకి పోలేదండి, ఇప్పుడే పోయింది. ఒట్టి సబ్బు వాసనే."

ఆవిడ ఏమందని అడిగాను.

"నా సీసా నాకిచ్చేసి, బట్టలు ఇస్త్రీ చెయ్యమన్నేరు."

అమ్మేటప్పుడు చెప్పిన అబద్ధం కొట్లోనే ఉండిపోదనీ, కొన్నవాళ్ల వెంట వెళ్తుందనీ ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ప్రతి సీసాకూ బిల్లు ఇస్తున్నాను. లేబుల్ మీద కొట్టు పేరు కింద ‘మూడు గంటలు’ అని రాస్తున్నాను. అమ్మకం కొంత తగ్గింది.

తర్వాతి సెలవుకు సత్యవతి వచ్చి మళ్లీ ఐరిసే అడిగింది. నేను కలుపుతుంటే చూస్తూ నిలబడింది.

"ఈసారి నూనె ఎక్కువ వెయ్యకండి, బాబాయ్ గారూ," అంది.