సూరమ్మగారి ఎరుపు

కొత్త జాకెట్టు గుడ్డల కట్ట విప్పితే గంజి వాసన గుప్పుమంటుంది. ఇవాళ పొద్దున ఆ వాసన ఇంకా ముక్కులో ఉండగానే ఒకావిడ వచ్చి, వయసుకు తగ్గట్టు ఏదైనా లేత రంగు ఇమ్మంది. నలభై కూడా నిండి ఉండవు. వయసుకీ రంగుకీ ముడిపెట్టిన మహానుభావుడెవరో గానీ, కనపడితే నాలుగు దులిపేద్దును. ఇలాంటప్పుడే సూరమ్మగారు గుర్తొస్తారు. అనకాపల్లిలో నేను నడుపుతున్న ఈ మ్యాచింగ్ సెంటర్ ఒకప్పుడు ఆవిడదే. నేను ఆవిడ దగ్గర సేల్స్‌గర్ల్‌ని.

ఆవిడతో వేగడం నా వల్ల అయ్యేది కాదు. ప్రతి రంగుకీ ఒక శాసనం ఉండేది. సీమంతం అంటే ఆకుపచ్చ తప్ప ఇంకోటి చూపించరు. పెళ్లి చీర మీదకి నలుపు అడిగితే ససేమిరా ఇవ్వరు. ఒకసారి కశింకోట నుంచి వచ్చిన పెళ్లికూతురు చీర అంచుకి సరిపోయే నల్ల గుడ్డే కావాలంది. ఇప్పుడదే ఫ్యాషన్, ఇచ్చేద్దామండీ అని నేను బతిమాలినా వినలేదు. మెరూన్ అంటగట్టాలని గంటసేపు ఊదరగొట్టారు. ఆ పిల్ల ఎదురు కొట్టుకి పోయి నలుపే కొనుక్కుంది. నేను తల పట్టుకున్నాను.

నాకు ముప్పై రెండో ఏట మా ఆయన పోయారు. రెండు నెలలకి పనిలోకి వచ్చాను. అప్పటికే మా అత్తగారు నాలుగు బూడిదరంగు చీరలు చేతిలో పెట్టి, ఇకనుంచి ఇవే, జాకెట్లు కూడా ఇదే రంగు అని ఖాయం చేసేశారు. నాకేమో ఎరుపంటే ప్రాణం. ఆ మాట ఎవరితో అనగలను? సూరమ్మగారు ఎటూ అత్తగారి పక్షమే అనుకుని, నా బూడిదరంగు జాకెట్టు గుడ్డ నేనే కొలుచుకుంటున్నాను. ఆవిడ వచ్చి కత్తెర లాక్కున్నారు. పై అరలోంచి కుంకుమరంగు తాను దింపి నా ముందు పడేశారు.

"ఎరుపు అమ్మోరి రంగు. మీ ఆయన తెచ్చింది కాదు, ఆయన్తో పట్టుకుపోడానికి" అన్నారు.

అదీ శాసనమే! నాకు ఏడుపు, చిరాకు ఒకేసారి వచ్చాయి. ఆవిడ భర్త పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆవిడ ఒంటి మీద నేను తెల్లచీర తప్ప చూడలేదు. మరి మీరెందుకు కట్టరని అడిగేశాను.

ఆవిడ గుడ్డ కొలవడం ఆపలేదు. "నాకప్పుడు సెప్పినోళ్ళు లేకపోయేరే" అన్నారు.

ఇప్పుడు నేను చెబుతున్నాను కదా, కట్టుకోండి అన్నాను. అలవాటు తప్పిపోయిందని గొణిగారు. నేనూ ఊరుకున్నాను. ఆ ఎర్రజాకెట్టు వేసుకున్నందుకు మా అత్తగారు వారం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు, అంతే.

సూరమ్మగారు పోయినప్పుడు ఎర్రచీర కప్పుదామని పట్టుబట్టాను. కొడుకులు ఒప్పుకోలేదు, తెల్లదే కప్పారు. వాళ్ల మీద మండిపడ్డాను గానీ, నిజానికి నా కోపం నా మీదే. ఆవిడ బతికుండగా కట్టుకోమని నేను చెప్పింది ఒక్కసారే. అందుకే ఇప్పుడు ఎవరికైనా ఒక్కసారి చెప్పి ఊరుకోను. నస పెడుతున్నానంటారు. అననీ.