అద్దం తలుపు అవతల నా రిపోర్టు

నల్లపూసల దండ కొక్కెం పెట్టుకుంటుంటే గొంతు కింద బఠాణీ గింజంత గడ్డ తగిలింది. గుటక వేస్తే అదీ కదిలింది. నొప్పి లేదు కదా అని నేను ఊరుకున్నా మా ఆయన ఊరుకోలేదు. మాది ముంబై దగ్గర భివండీలో శాంతి నగర్. ఇద్దరం మరమగ్గాల కార్ఖానాలో పనిచేసినవాళ్లమే.

అల్ట్రాసౌండ్ అయింది, గొంతులో సూది గుచ్చి ఎఫ్ఎన్ఏసీ చేశారు. పాపిల్లరీ కార్సినోమా, అంటే థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఠాణేలో సర్జన్ హిందీలో ధైర్యం చెప్పారు: "సెంటీమీటరు కూడా లేదు. లో రిస్క్. సగం థైరాయిడ్ తీస్తే చాలు."

తీశారు. మెలకువ వచ్చాక నోరు తెరిస్తే మాట రాలేదు, గాలే వచ్చింది. గొంతు నరం వాచింది, తగ్గుతుందన్నారు.

కుట్లు చూపించుకునే రోజు బయాప్సీ రిపోర్టు వచ్చింది. మా ఆయన నన్ను బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు. అది అద్దం తలుపు. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. గాభరాలో ఆ సంగతి మరిచిపోయాడు. "నోడ్స్‌లో, అంటే మెడలోని లింఫ్ గ్రంథుల్లో కూడా ఉంది. మళ్లీ రావచ్చు," అన్నారు డాక్టర్. తర్వాత ముఖం పక్కకు తిప్పేశారు. తలుపుకు పక్కవాటుగా కూర్చున్న మా ఆయన చేతులు జోడించి, ఆమెకు చెప్పకండి అన్నాడు.

"ఏం లేదట, అంత మంచిగున్నదట," అన్నాడు బయటికొచ్చి, నవ్వు ముఖం పెట్టి.

ఒళ్లు మండిపోయింది. పెదాలతోనే అడిగాను: "మళ్ల వస్తదన్నడు గద?"

తలుపు వైపు చూశాడు. అక్కడే కూలబడి ఏడ్చాడు. "నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వలేదే."

ఈసారి ఇద్దరం లోపలికి వెళ్లాం. నా పెదాలు చూసి ఆయనే అడిగాడు, మళ్లీ వస్తుందా అని.

"లో రిస్క్ అన్నది ఆపరేషన్‌కు ముందటి అంచనా," అన్నారు డాక్టర్. "ఇప్పుడు ఇంటర్మీడియట్ రిస్క్, అంటే మధ్యస్థం. చాలామందికి తిరిగి రాదు. మీకు రాదని మాత్రం మాట ఇవ్వలేను."

అప్పటికే నేను చావు దాకా ఆలోచించేశాను. డాక్టర్ ముఖం తిప్పుకుని చెప్పిన 'చాలామందికి రాదు' అన్న ముక్క అద్దంలోంచి నాకు అందలేదు మరి.

మిగతా థైరాయిడ్ కూడా తీసి, మిగిలిన క్యాన్సర్ కణాలు చావడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. గొంతు బొంగురుగానైనా తిరిగొచ్చింది. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. క్యాన్సర్ తిరిగొచ్చిందేమో చూసే థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్ష దగ్గర పడితే ఇద్దరం అయినదానికీ కానిదానికీ కసురుకుంటాం. భయం పోలేదు.

ఆపరేషన్‌కు ముందు చెప్పిన రిస్క్ మారిందా అని బయాప్సీ వచ్చాక మళ్లీ అడగండి. మీవాళ్లు ప్రేమకొద్దీ బయట కూర్చోమంటారు. కూర్చోకండి. కుర్చీ లాక్కుని డాక్టర్ ఎదురుగానే కూర్చోండి.