మూడో అంతస్తు నుంచి పడినవి

పెళ్ళయి విశాఖపట్నం వచ్చేదాకా నేను మేడ మీద కాపురం ఎరగను. మాది గోదావరి పక్క పల్లె, అక్కడ అందరి ఇళ్ళూ నేల మీదే ఉంటాయి. డెబ్బైల చివర్లో మా ఆయనకి పోర్టులో ఉద్యోగం వచ్చింది. సీతమ్మధారలో మూడో అంతస్తులో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. వెనకాల బట్టలారేసుకోవడానికి సన్నటి వరండా ఒకటి ఉండేది. అక్కడ నిలబడి కిందికి చూస్తే జనం నడినెత్తులే కనిపించేవి, మొహాలు కనిపించేవి కావు.

ఆయనది షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఉంటే నిద్రపోయేవారు, మెలకువ వస్తే డ్యూటీకి బయల్దేరేవారు. మంచి మనిషే, కాదనను. కాని నిద్రపోయే మనిషి ఎంత మంచివాడైతే మాత్రం ఏం మాట్లాడతాడు? పోనీ బజారుకి వెళ్దామా అంటే అక్కడ నా మాట వాళ్ళకో వేడుక. జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ, నేను ‘ఎంతండీ’ అనగానే పక్కావిడని పిలిచి మరీ మళ్ళీ అనిపించేది. వాళ్ళ మాటల వేగం నాకు అందేది కాదు. ఒళ్ళు మండి మాట్లాడ్డమే తగ్గించేశాను. పొద్దున పాలాయనతో ‘అరలీటరు’ అన్నాక మళ్ళీ నోరు విప్పని రోజులు ఎన్నో. ఊరికే ఏడుపొచ్చేది. ఎందుకూ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం కూడా ఉండేది కాదు, అడిగేవాళ్ళూ లేరనుకోండి.

ఒక మధ్యాహ్నం క్లిప్పు పెట్టడం మర్చిపోతే మా ఆయన జేబురుమాలు ఎగిరిపోయింది. మా గోడ వెంట తిన్నగా దిగకుండా ఎడంపక్కకి వాలుతూ, కాస్త ఆగుతూ, మళ్ళీ వాలుతూ పోయి కింది వాటా వాళ్ళ పెరట్లో పడింది. దిగివెళ్ళి తలుపు కొట్టాను. మా అమ్మ వయసావిడ తలుపు తీసింది.

“పై ఇంటి పిల్లవేటి? ఏటి పడిపోనాది?” అంది.

“జేబురుమాలండీ.”

తెచ్చి, మట్టి దులిపి, వాసన చూసింది. “సబ్బు సరిగ్గా పోనేదు సూడు. ఇక్కడ మద్దేనం గాలి ఊరుకోదు, క్లిప్పు ఎట్టుకో” అంది. గుమ్మంలోనే నిలబడి ఆ రుమాలు గురించీ గాలి గురించీ నాలుగు మాటలు మాట్లాడుకున్నాం. ఆవిడ భర్త ఓడలో వంటవాడట, ఇంట్లో ఆవిడొక్కతే ఉంటుందట. పైకొచ్చేసరికి నాకు ఆకలి వేసింది. విశాఖపట్నం వచ్చాక అంత ఆకలి వెయ్యడం అదే మొదలు.

మర్నాడు మళ్ళీ దిగాలనిపించింది. ఊరికే వెళ్ళి తలుపు కొట్టొచ్చు కదా అంటారు మీరు. కొట్టి ఏమనాలి? నాతో మాట్లాడండి అని అడుక్కోనా? నాకు అంత నోరు లేదు, పొగరు మాత్రం ఉంది. అందుకని వరండాలోంచి చెంచా వదిలాను. అది గోడ వెంట నిటారుగా దిగి, ఎవరి పెరడూ కాని సిమెంటు నేల మీద ఖంగుమంది. నేనే దిగి, నేనే ఏరుకుని, నేనే ఎక్కాను.

పదో తరగతిలో మా మాస్టారు, గాలే లేకపోతే ఇనప గుండూ ఈకా ఒక్కసారే నేలకి చేరతాయని చెప్పారు. క్లాసంతా నవ్వుకున్నాం. ఇప్పుడు పనీపాటా లేదు కదా, ఓ చేత్తో పెద్ద ఉల్లిపాయ, ఓ చేత్తో నిమ్మకాయ పట్టుకుని కింద ఎవరూ లేకుండా చూసి ఒక్కసారే వదిలాను. ఉల్లిపాయే ముందు పడుతుందని పందెం కాసేదాన్నే, పందేనికి మనిషి ఉంటే. రెండూ కలిసే పడ్డాయి, చప్పుడు ఒక్కటే వినిపించింది. బరువైనదాన్ని భూమి గట్టిగానే లాగుతుంది, కాని బరువైనది కదలడానికి అంతే మొరాయిస్తుంది, అందుకని లెక్క సరిపోతుందని మాస్టారు చెప్పిన మాట అప్పుడు తలకెక్కింది.

మరి రుమాలు సంగతేమిటి? ఉండచుట్టి వదిలితే అదీ చెంచాలాగే తిన్నగా దిగింది. విప్పి వదిలితే తేలుకుంటూ పోయింది. బరువు అదే, గాలికి ఎంత వెడల్పుగా అడ్డుపడింది అన్నదే తేడా. తడిపి వదిలితే బరువెక్కి గాలిని పెద్దగా లెక్కచెయ్యలేదు. దుప్పటి మరీ పెద్దమనిషి. మొదట జారినట్టు దిగి, విచ్చుకున్నాక మాత్రం వేగం పెంచకుండా ఒకే నడకన నేలకి చేరేది. కింది లాగుడూ గాలి అడ్డూ అక్కడ సరిసమానం అవుతాయి కాబోలు.

ఇదంతా చదువు మీద ప్రేమతో కాదు. పడింది ఆవిడ పెరట్లో పడాలి, అంతే నాక్కావలసింది. కాబట్టి బట్ట బాగా ఆరాలి, విప్పి వదలాలి, మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యేదాకా ఆగాలి. ఒకసారి ఆగలేక పొద్దున్నే దిండు గలీబు వదిలితే, ఆ వేళప్పుడు గాలి కొండ వైపు నుంచి వస్తుంది కదా, అది కుడివైపుకి పోయి ఇంటి ఓనరు వాకిట్లో పడింది. ఆయన గలీబుతోపాటు, నీళ్ళు పొదుపుగా వాడుకోవడం మీద పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

“ఓలమ్మ, మల్లీనా” అనేది కింది ఆవిడ. “మీ గోదారోల్లకి క్లిప్పులుండవేటి?” ఏది పడితే దాని గురించే మాట. గలీబు పడితే కుట్టుపని గురించి, తువ్వాలు పడితే వాళ్ళాయన పరాయి దేశం నుంచి తెచ్చిన తువ్వాళ్ళ గురించి. ఆయన ఎప్పుడొస్తారండీ అని ఒకసారి అడిగాను. “ఓడ వచ్చినప్పుడు” అని బట్ట మడతపెట్టి చేతికిచ్చేసింది. మడతపెట్టి ఇచ్చిందంటే ఇక వెళ్ళమని అర్థం. లోపలికి రమ్మని ఎప్పుడూ అనలేదు, నేనూ తొంగిచూడలేదు.

ఇలా నడుస్తుండగా మా ఆయన గమనించారు. నేను రోజూ మెట్లు దిగి ఎక్కడం చూసి జాలిపడ్డారు. ఓ సెలవురోజు నిద్ర మానుకుని, మనిషిని పిలిపించి వరండాకి పైనుంచి కిందిదాకా ఇనప జాలీ కొట్టించారు. “ఇంక ఒక్క గుడ్డముక్క కూడా పడదు. నీకు మెట్లెక్కే బాధ తప్పింది” అన్నారు చెమట తుడుచుకుంటూ. బాగుందన్నాను. వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. కోప్పడ్డానికి వీల్లేనంత మంచిపని చేసినందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

ఆ తర్వాత రుమాళ్ళు ఎగిరొచ్చి జాలీకి అంటుకుని సాయంత్రందాకా కొట్టుకునేవి. నేను వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఇక నావల్ల కాలేదు, ఖాళీ చేతులతో మెట్లు దిగాను. పంచదార అడుగుదామా అనుకున్నాను గాని గిన్నె తెచ్చుకోలేదు. తలుపు కొట్టాక వెనక్కి పోదామనిపించింది, ఈలోపు ఆవిడ తీసేసింది.

“ఏటి పడిపోనాది?” అంటూనే పెరటివైపు చూసింది.

“ఏమీ పడలేదండీ. ఊరికే వచ్చాను. పైన ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను.”

ఆవిడ పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది.

“జాలీ ఏసేసినారు కదా, ఇంకేటి వత్తాదిలే అనుకున్నాను” అంది. “నానూ రోజూ మద్దేనం పెరట్లోకెల్లి సూత్తన్నాను. ఏటీ పడ్డంనేదు.”

తలుపు పూర్తిగా తీసి పక్కకి జరిగింది. లోపల చాప వేసుంది, కూర్చున్నాను. ఆవిడా కూర్చుంది. ఇద్దరికీ మాట తోచలేదు. ఇన్నాళ్ళూ పడినదాని గురించే మాట్లాడుకున్నాం మరి. బయట గాలి బాగా వీస్తోంది.

చాలాసేపటికి ఆవిడ నా వైపు తిరిగి, “నీ పేరేటి?” అంది.