రౌటర్‌కు పెట్టిన బొట్టు

రిటైరవడానికి రెండేళ్ల ముందు ఇబ్రహీంపట్నం దగ్గర ఒక చెక్క సామాన్ల కార్ఖానాలో షాప్ ఇన్‌ఛార్జిగా చేశాను. నా పైన యజమాని రామకోటయ్యగారు ఒక్కరే. నా కింద మెషిన్ ఆపరేటర్లు, వాళ్ల కింద హెల్పర్లు. ఆ ఏడు దసరా వెళ్లిన వారంలో జరిగిన సంగతి ఇది.

కూచిపూడిలో నాట్యం నేర్పే ఒక టీచరుగారు తమ హాలు నేలకు టేకు పలకలు ఆర్డరిచ్చారు. ఒక పలక అంచుకు గాడి ఉంటుంది, పక్క పలక అంచుకు నాలుక. నాలుక గాడిలో దిగితే రెండూ సమంగా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా, వట్టి కాళ్లతో ఆడే పిల్లల పాదాలు చీరుకుపోతాయి.

గాడి కోసేది రౌటర్ టేబుల్. మోటారు బల్ల కింద తలకిందులుగా ఉంటుంది. కట్టర్ బల్ల రంధ్రంలోంచి పైకి వస్తుంది. అది ఎంత పైకి వస్తే గాడి అంత ఎత్తున పడుతుంది. హ్యాండిల్ తిప్పి కట్టర్‌ను కాస్త ఎక్కువే దించి, మళ్లీ పైకి తెచ్చి, కావలసిన ఎత్తులో ఆపాలి. దించుతూ ఆపితే మరలో ఉన్న సందు మేరకు తర్వాత జారుతుంది. ఆపైన మోటారును పట్టి ఉంచే స్తంభం మీద బిగింపు బిగించి, చిత్తు చెక్క మీద చూసుకుని, అప్పుడు అసలు పలక తోయాలి.

ఈ పనిలో ఆపరేటర్ ప్రభాకర్‌కు వంక పెట్టడానికి లేదు. అయినా మొదటి విడత పలకలు షాపులోనే పరిచి చూపించినప్పుడు, టీచరుగారు చెప్పులు విడిచి నాలుగడుగులు వేసి, "ఇక్కడ తగులుతోందండీ" అన్నారు. ఇంకో చోటా తగిలింది.

ఆవిడ కారెక్కగానే రామకోటయ్యగారు ప్రభాకర్ మీద విరుచుకుపడ్డారు. "కళ్లెక్కడ పెట్టుకుని కోశావయ్యా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ప్రభాకర్ పల్లెత్తు మాట అనలేదు. నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాడైనా ఏదో ఒక సాకు చెబుతాడు కదా!

నేనే ఎత్తు పెట్టి చిత్తు చెక్కలు వరసగా తోశాను. మొదటిది సరిగ్గా వచ్చింది. పోనుపోను గాడి కిందికి దిగింది. బిగింపు పట్టడం లేదన్నమాట. పక్కనే నిలబడి రుసరుసలాడుతున్న యజమానిని, టీచరుగారికి ఫోన్ చేసి గడువు అడగమని ఆఫీసు గదిలోకి పంపాను.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటయ్యా?" అన్నాను.

ప్రభాకర్ బల్ల కిందికి వంగి స్తంభం చూపించాడు. ఆయుధపూజ నాడు రామకోటయ్యగారు ప్రతి మెషిన్‌కూ తమ చేత్తోనే నూనెలో కలిపిన కుంకుమ పెట్టారు. రౌటర్‌కు సరిగ్గా బిగింపు పట్టే చోటే పెట్టారు. ఆ జిడ్డు మీద అది జారుతోంది.

"నాలుగు పలకలకోసారి సరిచేసుకుంటూనే ఉన్నానండీ. అయినా మధ్యలో కొన్ని పోయాయి. తుడుద్దామంటే, చర్చికెళ్లేవాడు పూజ బొట్టు తుడిచేశాడంటారు. చెబితే పూజకే వంక పెట్టాడంటారు. నన్నేం చెయ్యమంటారండీ?"

నా కోపం దిగిపోయింది. జాలేసింది. ఆఫీసు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. రామకోటయ్యగారు లేచి వచ్చి, "తల్లీ, తప్పు కాయి" అని బల్లకు దండం పెట్టి, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో స్తంభాన్ని తానే తుడిచారు. "పొద్దున్నే వచ్చెయ్" అని ప్రభాకర్ వైపు చూడకుండానే అన్నారు.

పాడైన పలకల బదులు కొత్తవి కోశాం. టీచరుగారు ఈసారి హాలంతా నడిచి చూసి, బాగుందన్నారు.

మరుసటి దసరాకు రామకోటయ్యగారు కుంకుమ గిన్నెతో రౌటర్ దగ్గర ఆగారు. "ప్రభాకర్, ఇటు రా. ఎక్కడ పెట్టమంటావో చెప్పు" అన్నారు. అతను బల్ల కాలు చూపించాడు.

కట్టర్ ఎత్తు మారుతుంటే ముందు బిగింపు చూడాలని నాకు ఎప్పుడో తెలుసు. ఆపరేటర్‌ని అడిగే ముందు యజమానిని పక్క గదిలోకి పంపాలని మాత్రం అక్కడే నేర్చుకున్నాను. ఉన్నన్నాళ్లూ అలాగే చేశాను.