టిక్కీ కింద పడిన చప్పుడు

1986 వేసవి. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ షాపు వెనక రేకుల షెడ్డు. అక్కడ ఆడకూలీలకు నేను మేస్త్రిని. నాకు చదువు సంతకం వరకే గానీ, ఏ మనిషి చెయ్యి కాయల మీద ఎలా ఆడేదో ఇప్పటికీ చెప్పగలను. మా పని గ్రేడింగ్. అంటే కాయ తొడిమ తీసి, ఎర్రటిది ఒక కుప్పలో, తెల్లబారిన తాలుకాయ ఇంకో కుప్పలో వెయ్యడం. చేతులకు ఎంత ఆముదం రాసుకున్నా సాయంత్రానికి వేళ్లు మండేవి.

ఆ ఏడాదే సలోమి ఒంగోలు వైపు పల్లె నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. ఎడమ మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. మొగుడు రోకలితో కొట్టాడని, పెద్దమ్మ ఇంటికి వచ్చేశానని నాకొక్కదానికే చెప్పింది. ఆ చేతితోనే షెడ్డులో అందరికంటే వేగంగా తొడిమ తీసేది.

హమాలీలు టిక్కీని, అంటే మిరపకాయల బస్తాని, భుజం మీద నుంచి ధన్‌మని వేసేవాళ్లు. మొదటిసారి ఆ చప్పుడు వినగానే సలోమి రెండు చేతులూ తలమీద పెట్టుకుని ముడుచుకుపోయింది. ఒళ్లో కాయలన్నీ చెల్లాచెదురయ్యాయి. అందరూ నవ్వారు.

"ఒరేయ్ మస్తాన్, మెల్లగా దించరా! మొగుడు చెయ్యి విరగ్గొట్టిన పిల్లరా అది, చప్పుడైతే హడలిపోతుంది!" అని షెడ్డంతా వినపడేలా అరిచాను.

ఆ రోజు నుంచి మస్తాన్ టిక్కీని పసిబిడ్డలా దించేవాడు. "మేస్త్రక్కా, కింద పరుపు కూడా వెయ్యనా?" అని వేళాకోళం చేసేవాడు. కొత్తగా ఎవరు పనికి వచ్చినా, "దాన్నేమీ అనకండి, చాలా పడింది" అని నేనే ముందు చెప్పేదాన్ని. అన్నాల దగ్గర ఆడవాళ్లు సలోమికి పచ్చడి ఎక్కువ వేసి, చెయ్యి వంక చూసేవాళ్లు. "మళ్లీ వాడొచ్చి పిలిస్తే వెళ్తావా ఏంటే?" అని ఒకామె అడగనే అడిగింది. సలోమి తల వంచుకుని తినేది.

రానురాను తన చెయ్యి నెమ్మదించింది. మంచి కాయలు తాలులో పడుతున్నాయి. నేను పక్కన కూర్చుని వాటిని ఏరి ఎర్రకుప్పలో వేసేదాన్ని. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, నా తప్పు నువ్వు దిద్దకు. తిట్టు."

"అన్ని దెబ్బలు తిన్నదానివి, నిన్నెలా తిట్టనే?"

"నా పక్కన కూర్చునే సుబ్బులుని తిడతావుగా, నన్నూ అలాగే తిట్టు. బస్తా చప్పుడుకి భయం ఒక్క క్షణమే అక్కా. నువ్వు అందరికీ చెప్పావు చూడు, దాంతో రోజంతా తలెత్తలేకపోతున్నాను. ఇంత దూరం వచ్చినా నేను వాడు కొట్టినదాన్నేనా?"

నాకు కోపం వచ్చింది. మేలు చేస్తే ఇదా అనుకున్నాను. "నీ మంచికే కదే" అని లేచిపోయాను. మర్నాటి నుంచి సలోమి రాలేదు.

రెండేళ్లకు, మనుషులు చాలక నన్ను ఊరి బయట కోల్డ్ స్టోరేజ్ దగ్గరి షెడ్డుకు పంపారు. అక్కడ సలోమి కొత్తవాళ్లకు పని చూపిస్తోంది. "ఏమే, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా? ఇది తాలా?" అని ఒకమ్మాయిని తిడుతోంది. నన్ను చూసి ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది.

"ఈవిడ నీకు తెలుసా పిన్నీ?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

"తెలుసు. ఇంత వేగంగా తొడిమ తీసేవాళ్లు మా షెడ్డులో ఇంకెవరూ లేరు" అన్నాను. వెళ్లి ఒక కుప్ప ముందు కూర్చున్నాను.

అంతలో టిక్కీ పడింది. సలోమి చేతులు తలమీదికి వెళ్లాయి. "ఏంటక్కా, పిల్లిలా ఉలిక్కిపడతావ్!" అని అమ్మాయిలు నవ్వారు. "నోర్మూసుకుని పని చూడండి" అంది. నేను తల వంచి నా కుప్ప చూసుకున్నాను.

సాయంత్రం గేటు దగ్గర అడిగాను. "ఆ భయం తగ్గలేదా అమ్మా?"

"లేదక్కా. తగ్గుతుందో లేదో తెలీదు. చెయ్యి సంగతి అడిగితే చెట్టు మీంచి పడ్డానని చెప్పాను. నవ్వితే నవ్వుతారు, జాలిపడరు."

ఆ తర్వాత ఇంకా చాలామంది, ఒంటిమీద మచ్చలతో, చూపు నేలమీద పెట్టుకుని నా దగ్గరికి పనికి వచ్చారు. ఎవరి కథా నేను ఇంకొకరికి చెప్పలేదు. "నీకేం పని వచ్చమ్మా?" అని మాత్రం అడిగేదాన్ని. సలోమి వచ్చిన రోజున ఆ మాట అడగలేదు.