కూర్చుని చూడని కుర్చీ

ఎవరూ కూర్చోని కుర్చీ కుంగుతుందా? కుంగదు. ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ ఆ సందు చివర మహిళా కమిటీ హాల్లోని పేము కుర్చీ కుంగింది. అల్లించిన ప్రతిసారీ కుంగింది, అదీ ఎడమవైపే. కొత్త పేము, బిగువైన అల్లిక, ఏళ్లపాటు మనుషుల్ని మొయ్యాల్సిన పని. అలాంటిది నెల తిరక్కుండానే ఎవరో కూర్చుని లేచినట్టు గుంట పడేది.

అల్లే మనిషిని ఆ సందులో అందరూ కుర్చీలక్క అనేవారు. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారు నోటికి కరుకు, చేతికి నేర్పరి. పేము చీలికను ఎంతసేపు నానబెట్టాలో, ఎక్కడ లాగి ఎక్కడ వదలాలో నేర్పి, చివర్లో ఒక్క షరతు పెట్టింది. అల్లిన ప్రతి కుర్చీలో నువ్వు కూర్చోవాలి, రెండు కాళ్లూ నేలమీంచి ఎత్తాలి, నీ బరువంతా దానికి అప్పగించాలి. మూలిగేదేదైనా ఉంటే అప్పుడే మూలుగుతుంది. కూర్చుని చూడని కుర్చీ గడప దాటకూడదంది. అత్తగారు పోయారు, తర్వాత భర్తా పోయాడు, ఆ అలవాటు మాత్రం పోలేదు. జడ్జిగారి కుర్చీ అయినా సరే, ముందు కుర్చీలక్క దర్జాగా కూర్చుని లేవాల్సిందే. అంతకు మించిన దర్జా ఆవిడ బతుకులో లేదు లెండి. నోట్లో నాలుక లేని మనిషి. మీటింగులకు వెళ్లినా చెప్పులు విడిచే చోట కూర్చునేది. ఎవరైనా నువ్వేమంటావని అడిగితే ఆ చెప్పుల వైపు చూసేది.

కుంగే కుర్చీ నర్సమ్మది. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేశాక ఆవిడే కమిటీకి పెద్ద. తుంటి విరిగి అతుక్కున్న మనిషి కాబట్టి ఎప్పుడూ ఎడమవైపుకి ఒరిగి కూర్చునేది. అలా ఒరిగే మొగుడూ పెళ్లాల తగువులూ, కుళాయి దగ్గర బిందెల తగువులూ తీర్చేసేది. ఇవతల సందుకీ అవతల సందుకీ మధ్య ఒక ఇనప గేటుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ దానికి తాళం ఎలా ఉంటుందో ఎవరూ ఎరగరు.

ఆవిడ పోయిన కొద్దిరోజులకే టైలరమ్మ కొడుకు సైకిలు కనబడకుండా పోయింది. అవతల సందులో పైపుల పని చేసుకునే కుర్రాడే తీశాడని టైలరమ్మ కొడుకు వాణ్ణి చెయ్యి విరిగేలా కొట్టాడు. మర్నాడు చూస్తే సైకిలు టైలరమ్మ కొడుకు మేనమామ ఇంట్లోనే ఉంది. ఇవతల అందరికీ తెలిసింది. అప్పుడే తప్పయిందని ఒక్క మాట అనుంటే అయిపోయేది. అంటేనా! అనలేదు. చిలికి చిలికి గాలివాన అయింది. వాళ్లు రాళ్లేశారు, వీళ్లు తాళమేశారు. ఎటు నుంచి ఎటు వెళ్లినా ఇంటిదొంగ కిందే లెక్క. కమిటీ సెక్రటరీ కూడా టైలరమ్మే కాబట్టి తాళంచెవి ఆవిడ నడుముకే వేలాడేది.

కుర్చీలక్క ఒక్కగానొక్క కూతుర్ని ఇచ్చింది గేటు అవతలికే. తొలికాన్పు, నెలలు నిండాయి. మనసాగక ఒకసారి పెద్దరోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లింది. సందు మొగలోనే అల్లుడి అన్న ఎదురొచ్చి, నిన్ను రానిస్తే మావాళ్లు ఊరుకోరత్తా అని తల దించుకుని చెప్పాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కదా. ఇంటికొచ్చి చీలికలు నానేసుకుని కూర్చుంది. ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడ్చే మనిషి.

కుర్చీ మళ్లీ కుంగిందని ఒకరోజు టైలరమ్మ కబురు పెట్టింది. ఆ సాయంత్రమే మీటింగులో కొత్త పెద్దని ఎన్నుకుని అందులో కూర్చోబెట్టాలట. ఆ కుర్చీ అంటే అందరికీ ఆశే, అందరికీ భయమే. నర్సమ్మ పోయాక ఆడవాళ్లంతా దాని ఎదురుగా చాపల మీద కూర్చునేవారు. గొంతులు లేచినప్పుడల్లా కుర్చీలో పేము కిర్రుమనేది, అందరూ టక్కున నోరు మూసేవారు. ఎలకలని ఒకరు, చెమ్మ అని ఇంకొకరు సర్దిచెప్పుకున్నారు. ఎలకలకి తుంటి నొప్పి ఉంటుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మిట్టమధ్యాహ్నం కుర్చీలక్క ఒక్కతే హాల్లో పనికి కూర్చుంది. పాత పేము ఊడదీస్తుంటే వేళ్లకి వెచ్చగా తగిలింది. ఎండ పడే మూల కాదది. కుడిచేతి వైపు కర్ర మీద దుమ్ము మందంగా ఉంది. ఎడమచేతి వైపు దుమ్మన్నదే లేదు. రోజూ ఎవరో అరచెయ్యి ఆనిస్తున్నట్టు నున్నగా మెరుస్తోంది. చూడనట్టే తల దించుకుని అల్లిక పూర్తిచేసింది. చివరి ముడేసి, కొస కోసి, అలవాటు ప్రకారం కూర్చోబోతూ ఆగింది.

ఎడమవైపు అల్లిక కుంగుతోంది. ఆవిడ చెయ్యి ఇంకా దాని మీద పడలేదు. ఒక్కో చీలికా సన్నగా మూలుగుతూ మెల్లమెల్లగా దిగుతోంది. నొప్పిగా ఉన్న మనిషి ఆచితూచి కూర్చున్నప్పుడు ఎలా దిగుతుందో సరిగ్గా అలాగే. ఆ తర్వాత నిట్టూర్పు వినబడింది. హాల్లో స్పిరిట్ వాసన నిండింది. కుర్చీలక్క కత్తీ చీలికలూ అక్కడే వదిలేసి బయటపడింది.

సాయంత్రం వెళ్లకూడదనే అనుకుంది. కానీ కూర్చుని చూడకుండా పని అప్పగించిన సంగతి లోపల పీకుతూనే ఉంది. వెళ్లి చెప్పుల దగ్గర కూర్చుంది. వెలుతురు మసకబారుతోంది. రేపు వెల్డింగు మనిషిని పిలిపించి గేటు శాశ్వతంగా అతికించేస్తున్నామని టైలరమ్మ చెబుతోంది. అప్పుడే కూరలమ్మే ఆమె తట్ట దించి కుర్చీలక్క చెవి దగ్గరికి వంగింది. రెండు సందుల్లోకీ వెళ్లగలిగేది ఆమె ఒక్కతే. కోపం ఎంతున్నా వంట మానుకోలేరు కదా.

"మీ పిల్లకి పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. అమ్మా అమ్మా అని నిన్నే పిలుస్తోంది."

  సరిగ్గా అదే క్షణంలో టైలరమ్మ కుర్చీని ఒక కంట చూస్తూ, గట్టిగా ఉందా, కూర్చుని చూశావా అని అందరి ముందూ కుర్చీలక్కని అడిగింది.

"లేదు" అంది కుర్చీలక్క. అని, లేచి, చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి కూర్చుంది. ఇంకేమీ ఆలోచించలేదు. చూడలేదు కాబట్టి చూడాలి, అంతే. రెండు కాళ్లూ నేలమీంచి ఎత్తింది.

 కుర్చీ ఎడమవైపుకి దిగింది, దానితోపాటే ఆవిడా ఒరిగింది. చెయ్యి దానంతటదే వెళ్లి నున్నటి కర్ర మీద వాలింది. ఎప్పుడూ గొడుగు వదలని ముసలి మామ్మ గొడుగు కింద పడేసి లేచి, రెండు చేతులూ జోడించింది.

"నర్సమ్మా, వచ్చావా తల్లీ! ఏం చెయ్యమంటావో చెప్పు."

ఒక్కొక్కరే అందరూ లేచి నిలబడ్డారు. టైలరమ్మ చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. కుర్చీలక్కకి అర్థమైంది. గేటు తియ్యండి అని ఒరిగిన చోటి నుంచి ఒక్క మాటంటే చాలు, పరుగెత్తుకెళ్లి తీస్తారు. మాట కూడా గొంతు దాకా వచ్చేసింది, కాకపోతే అది తన గొంతు కాదు. ఎంత సుఖంగా ఉందో! అందరూ తన వైపే చూడటం, మోయాల్సిన బరువు ఇంకెవరో మోస్తుండటం. కానీ భయంతో తీసిన గేటు భయం తీరాక మళ్లీ మూసుకుంటుంది. అప్పుడు మళ్లీ చచ్చినావిడ కోసం చాపల మీద ఎదురుచూపులు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

పళ్ల బిగువున నడుం నిటారుగా చేసింది. తడిసిన బస్తా లేపినంత పనయింది. చెవి పక్కన ఎవరో ఊపిరి బిగబట్టారు.

"నేను నర్సమ్మని కాను, కుర్చీలు అల్లేదాన్ని. మా పిల్లకి బిడ్డ అడ్డం తిరిగింది, నేను అటు వెళ్తున్నాను. ఆ కుర్రాడు దొంగ కాదని మనందరికీ తెలుసు. వెళ్లి ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్తాను. వచ్చేవాళ్లు రండి."

ఎవరిచ్చారు నీకా కుర్చీ అని టైలరమ్మ అడిగింది. ఎవరూ ఇవ్వలేదు, నేనే అల్లుకున్నాను, తాళంచెవి ఇటివ్వు వదినా అని కుర్చీలక్క చెయ్యి చాచింది.  గొడుగు మామ్మ టైలరమ్మ భుజం మీద చెయ్యేసింది. తాళంచెవి చేతులు మారింది.

తాళం తుప్పుపట్టి మొరాయించింది. గేటు తెరుచుకోగానే ఇవతలివాళ్లు రెండడుగులు వెనక్కేశారు. అవతల మసక చీకట్లో ఆడవాళ్లు పీటలేసుకుని బారుగా, గేటు వైపే తిరిగి కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వచ్చినవాళ్లని చూసి ఉలిక్కిపడలేదు కూడా. అందరికంటే ముందున్నది దెబ్బలు తిన్న కుర్రాడి తల్లి.

"నర్సమ్మేది?" అంది ఆమె. "రోజూ ఈ వేళకి గేటు దగ్గరికొచ్చి, వస్తున్నా వస్తున్నా అంటోంది. వింటూ కూర్చుంటున్నాం."

 నాలుగిళ్ల అవతల నుంచి కూతురి కేక వినబడింది. పరుగెత్తాలని కాళ్లు లాగేస్తున్నాయి. అయినా కుర్చీలక్క కదల్లేదు.

"ఆవిడ రాదమ్మా, చచ్చిపోయింది. నేనొచ్చాను. మీవాడు దొంగ కాదు. మాకు మర్నాడే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తప్పయింది."

ఆ తల్లి పీట మీంచి లేవలేదు. ఆవిడ చూపు కుర్చీలక్కని దాటి వెనక ఎవరికోసమో వెతుకుతోంది. దారి ఇవ్వలేదు. లోపల పిల్ల మళ్లీ అరిచింది. అప్పుడు వెనక నుంచి టైలరమ్మ గొంతు వినబడింది. అంత చిన్నగా ఆవిడ మాట్లాడగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"వదినా... కొట్టింది మావాడు. నిజం దాచింది నేను."

కుర్రాడి తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి, పీట కాలితో పక్కకి తోసింది.

"ఇంకా నిలబడ్డావేం అక్కా, పిల్ల పిలుస్తుంటే" అని కుర్చీలక్క చెయ్యి పట్టుకుని ఆమే ముందు పరుగెత్తింది.